ఎదుటివాడి చేతిలో ఏముంది?

2006లో అమెరికా టీవీలో ‘హై స్టేక్స్ పోకర్’ కార్యక్రమంలో పడిన ఒక ఆట గురించి పోకర్ ఆడేవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. ఆడిన ఇద్దరిలో ఒకరు కెనడా ఆటగాడు డేనియల్ నెగ్రాన్యు. ఎదుటివాళ్ల ముక్కల్ని పైకి చెప్పేస్తూ ఆడతాడని ఇతనికి పేరు. రెండో మనిషి డెన్మార్క్‌కు చెందిన గస్ హాన్సెన్. చేతిలో ఏమున్నా పందెంలోకి దూకేస్తాడని ఇతనికి పేరు. నెగ్రాన్యు చేతిలో రెండు ఆరులు, హాన్సెన్ చేతిలో రెండు ఐదులు. బల్ల మీద తెరుచుకున్నవి 9, 6, 5, ఆ తర్వాత మళ్లీ 5, చివరగా 8.

టెక్సాస్ హోల్డెమ్ తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలంటే, ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. తర్వాత బల్ల మధ్యలో ఐదు ముక్కలు అందరికీ కనబడేలా తెరుస్తారు: మొదట మూడు, ఆపై ఒకటి, ఆపై ఇంకొకటి. వీటికే ఫ్లాప్, టర్న్, రివర్ అని పేర్లు. ముక్కలు పంచగానే ఒకసారి, ఫ్లాప్, టర్న్, రివర్ తెరిచినప్పుడల్లా ఒకసారి, మొత్తం నాలుగుసార్లు పందేలు నడుస్తాయి. ఏడు ముక్కల్లోంచి మేలైన ఐదు కలిపినవాడిది గెలుపు. లేదంటే మిగతా అందరినీ ప్యాక్ చేయించినవాడిది, అంటే ముక్కలు పడేసి తప్పుకునేలా చేసినవాడిది.

ఫ్లాప్ ఒకరి చేతిలోని ఆరులకూ, ఇంకొకరి చేతిలోని ఐదులకూ కలిసొచ్చింది. నెగ్రాన్యుకు ఆరుల ఫుల్ హౌస్, అంటే మూడు ఆరులు, రెండు ఐదులు, వచ్చింది. హాన్సెన్‌కు నాలుగు ఐదులూ వచ్చాయి. రివర్ మీద హాన్సెన్ పందెం వేయకుండా ఊరుకున్నాడు. నెగ్రాన్యు వేశాడు. వెంటనే హాన్సెన్ తన ముందున్న సొమ్మంతా తోశాడు. నెగ్రాన్యు కాసేపు తల పట్టుకుని, చివరికి కాల్ చేసి, అంటే అంత పందెమూ సరిపెట్టి, ఓడాడు. బల్ల మీది సొమ్ము 5,75,700 డాలర్లు. ముక్కలు చదవడంలో పేరున్నవాడే చదవలేకపోయాడని చూసినవాళ్లు అనుకున్నారు. ఆ మాటలో ఎంత నిజముందో లెక్క వేసి చూడాలి.

అతన్ని ఓడించే జతలు ఎన్ని? రెండు తొమ్మిదులు ఉండాలంటే, బల్ల మీద ఒకటి పోగా మిగిలిన మూడింటితో మూడు రకాలు. రెండు ఎనిమిదులకూ అంతే, మూడు. రెండు ఐదులకు ఒక్కటే దారి, ఎందుకంటే మిగిలినవి రెండే. మొత్తం ఏడు. అతను ఓడించేవి ఎన్ని? ఎనిమిది-ఏడుతో వరస కట్టినవాడికి పన్నెండు దారులు. ఆసు-ఐదు పట్టుకుని మూడు ఐదులతో మురిసేవాడికి ఎనిమిది. తొమ్మిది-ఐదుకు ఆరు, ఎనిమిది-ఐదుకు ఆరు, ఆరు-ఐదుకు రెండు. ఇవన్నీ కలిపి ముప్ఫై నాలుగు. అయితే ఈ ముప్ఫై నాలుగింటినీ యథాతథంగా లెక్కలోకి తీసుకోకూడదు. జత పడిన బల్ల మీద వరస ఉన్నవాడు సొమ్మంతా తోయడు, కాల్ చేసి ఊరుకుంటాడు. తొమ్మిది-ఐదు పట్టుకున్నవాడు మొదటి రౌండులోనే నెగ్రాన్యు రేజ్‌ని, అంటే పెంచిన పందేన్ని, భరించి ఉండాలి. హాన్సెన్ కూడా అంత తెగింపు ప్రతిసారీ చూపడు. ఇంతా చేసి, కాల్ చేయడానికి కావలసిన గెలుపు అవకాశం మూడోవంతుకు మించదు. ముప్ఫై నాలుగులో నాలుగే మిగిలాయనుకున్నా ఏడుకు నాలుగు, అంటే ముప్ఫై ఆరు శాతం. నా లెక్కలో ఆ కాల్ తప్పు కాదు. అతను సరిగ్గానే చదివాడు, ఓడిపోయాడు. ఈ రెండూ ఒకేసారి జరగడం పోకర్‌లో మామూలే. ఈ ఆట నేర్చుకోవడంలోని అసలు కష్టం కూడా అక్కడే మొదలవుతుంది.

పోకర్ లోకానికి దీనికి పూర్తిగా ఎదురైన కథంటే మోజు. 1980, 1981, 1997లలో ప్రపంచ పోటీ గెలిచిన స్టూ ఉంగర్ గురించి అలాంటిది ఒకటి తరచూ చెబుతారు. 1990 విజేత మన్సూర్ మత్లూబీతో ముఖాముఖి ఆడుతూ, చివరి పందేనికి ఎదుటివాడి కళ్లలోకి చూసి, ‘నీ దగ్గర నాలుగు-ఐదు గానీ ఐదు-ఆరు గానీ ఉంది’ అన్నాడట. అని, చేతిలో పదికి మించిన ముక్క లేకుండానే కాల్ చేసి గెలిచాడట. జరిగి ఉండవచ్చు, ఉంగర్ మామూలు మనిషి కాదు. అయితే ఇలాగే పైకి చెప్పి, కాల్ చేసి, నిండా మునిగిన వాళ్లు ఎందరో. వాళ్ల గురించి ఎవరూ కథ చెప్పుకోరు. మనదాకా వచ్చేవన్నీ గురి తగిలిన కథలే కాబట్టి, ఎదుటివాడి ముక్కలు చదవడమంటే రెండు ముక్కల్ని పేరుపెట్టి చెప్పడమే అన్న భ్రమ కొత్తవాళ్లలో పాతుకుపోయింది.

ఈ భ్రమకు సినిమాలు కూడా నీళ్లు పోశాయి. 1998 నాటి ‘రౌండర్స్’లో ప్రతినాయకుడు చేతిలో మంచి ముక్కలు పడినప్పుడు క్రీం బిస్కెట్టును ఒక పద్ధతిలో విప్పి తింటాడు. హీరో అది కనిపెడతాడు. శరీర భాష గురించి అంతకంటే గట్టి పుస్తకం 1984లోనే వచ్చింది. అందులో మైక్ కారో చెప్పిన మూలసూత్రం సులువైనది: జనం నటిస్తారు, నటించేటప్పుడు ఉన్నదానికి వ్యతిరేకంగా నటిస్తారు. నిట్టూర్చి, భుజాలెగరేసి, అయిష్టంగా పందెం వేసేవాడి చేతిలో బలం ఉంటుంది. గుడ్లురిమి చూస్తూ వేసేవాడి చేయి తరచూ ఖాళీ. నటన కానివి ఇంకా పనికొస్తాయి. పందెం వేసే చేయి వణికితే అది అబద్ధం ఆడుతున్న భయం కాదు, పెద్ద ముక్కలు పడిన ఉద్వేగం. ఫ్లాప్‌లో మూడూ ఇస్పేట్లే పడగానే తన ముక్కల్ని మళ్లీ ఎత్తి చూసుకున్నాడంటే, వాటిలో ఇస్పేటు ఒకటి ఉందో లేదో అతనికి గుర్తులేదని. రెండూ ఇస్పేట్లయి ఉంటే ఆ సంగతి మరిచిపోడు.

కారో గమనికలు తెలివైనవే. కానీ అవి ఎంతవరకు నిలుస్తాయి? 2013లో పరిశోధకుడు మైకేల్ స్లెపియన్ బృందం 2009 ప్రపంచ పోటీ వీడియోలను ముక్కలుగా కత్తిరించి చూపి, పందెం వేసినవాడి చేతిలో ఎంత బలం ఉందో చెప్పమంది. ముఖం మాత్రమే చూసినవాళ్లు గుడ్డిగా ఊహించినదానికంటే అధ్వాన్నంగా చెప్పారు. చిప్స్ తోసే చేతుల కదలిక మాత్రమే చూసినవాళ్లు గుడ్డి ఊహ కంటే మెరుగ్గా చెప్పారు. ముఖాన్ని దాచడం నేర్చుకున్న నిపుణులు చేతుల్ని మరిచిపోయారన్నమాట. ముచ్చటైన ఫలితమే. కానీ తేడా చిన్నది, అంత చిన్న తేడాను నమ్ముకుని సొమ్మంతా తోయడం తెలివి కాదు. అంతకు మూడేళ్ల ముందు, 2010లో, ఎరిక్ ష్లిక్ట్ తదితరుల ప్రయోగం ఇంకో గుట్టు విప్పింది. ప్రత్యర్థి ముఖం నమ్మదగినదిగా కనిపించినప్పుడు ఆడేవాళ్ల నిర్ణయాలు తడబడ్డాయి. ఆ ముఖానికీ చేతిలోని ముక్కలకూ సంబంధమే లేదు. మనం చదువుతున్నామనుకున్న ముఖమే మనల్ని పక్కదారి పట్టిస్తుందని దీని అర్థం. 2012లో రచయిత జాకరీ ఎల్వుడ్ ఈ విషయానికి కొంత క్రమం తెచ్చాడు. తన వంతు కోసం చూసేవాడి కదలికలు వేరు, పందెం వేశాక ఎదురుచూసేవాడి కదలికలు వేరు అని విడదీశాడు. ఒకే చిరునవ్వుకు ఆ రెండు చోట్లా ఒకే అర్థం ఉండదు. శరీర భాషకు నేనిచ్చే చోటు ఇంతే: లెక్క సరిసమానంగా తేలినప్పుడు ఏదో ఒక వైపు మొగ్గడానికి మాత్రమే.

లెక్క అంటున్నది దేన్ని? యాభై రెండు ముక్కల్లోంచి రెండు తీస్తే 1,326 జతలు. ఏ రంగన్నది వదిలేసి, రెండూ ఒకే రంగా కాదా అని మాత్రమే చూస్తే 169 రకాలు. ఒక రకం జోడు, రెండు రాజులు అనుకుందాం, ఆరు విధాలుగా పడుతుంది. ఆసు-రాజు పదహారు విధాలుగా పడుతుంది, అందులో ఒకే రంగువి నాలుగు. ఆట మొదలైనప్పుడు ఎదుటివాడి చేతిలో ఇవన్నీ ఉండవచ్చు. అతను చేసే ప్రతి పనీ కొన్నింటిని కొట్టేస్తుంది, కొన్నింటి బరువు తగ్గిస్తుంది. మిగిలినదాన్నే రేంజ్ అంటారు. డేవిడ్ స్క్లాన్‌స్కీ 1980లలో రాసిన పుస్తకం ఈ ఆలోచనను ఆటగాళ్ల మధ్య స్థిరపరిచింది. ఎదుటివాడి ముక్కలు కనబడితే మనం ఎలా ఆడేవాళ్లమో అలా ఆడకపోయిన ప్రతిసారీ అతనికే లాభం అన్న అతని సిద్ధాంతం, చదవడం ఎందుకన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. మీ దగ్గర రెండు రాణులు. చాలా జాగ్రత్తగా ఆడే మనిషి పెద్ద రేజ్ చేశాడు. అతను రెండు ఆసులతో, రెండు రాజులతో, ఆసు-రాజుతో తప్ప అలా చేయడని మీకు తెలుసు. భయపడేవాడికి ముందు ఆసులు, రాజులే గుర్తొస్తాయి. లెక్కేస్తే అవి ఆరు, ఆరు కలిపి పన్నెండు. ఆసు-రాజు పదహారు. అంటే సగానికి పైగా సందర్భాల్లో ప్రస్తుతానికి మీదే పైచేయి. ఇప్పుడు ఫ్లాప్‌లో ఒక రాజు తెరుచుకుంది. రాజుల జోడు మూడుకు పడిపోయింది, ఆసు-రాజు పన్నెండుకు తగ్గింది, ఆసులు ఆరు అలాగే ఉన్నాయి. మొత్తం ఇరవై ఒకటి. మిమ్మల్ని ఓడించనిది వాటిలో ఒక్కటీ లేదు. ఒక్క ముక్క తెరుచుకునేసరికి ఆట తలకిందులైంది, మీరు ఎవరి ముఖమూ చూడనక్కర్లేకపోయింది.

కొత్తవాళ్లు ఈ దారిలో చేసే పొరపాటు ఒకటుంది. చివరి పందెం పడగానే అక్కడి నుంచి వెనక్కి చూడడం మొదలుపెడతారు. బల్ల మీద మూడు కళావర్లు కనబడితే, ఎదుటివాడికి ఒకే రంగు ముక్కలు ఐదు కలిసి ఫ్లష్ వచ్చేసిందని బెంగ. కానీ ఆ రెండు కళావర్లతో అతను మొదటి రౌండులో అంత రేజ్‌ని భరించేవాడా, ఫ్లాప్ మీద ఊరుకునేవాడా అని అడగరు. మొదటి రౌండులో కొట్టేసిన జత రివర్ మీద మళ్లీ బతికి రాకూడదు. దానికి ఎదురైన తప్పు పట్టుదల వల్ల వస్తుంది. ఫ్లాప్ మీదే ‘వీడి దగ్గర ఆసు-రాజే’ అని తేల్చుకుని, తర్వాత రెండు రౌండ్ల సాక్ష్యాన్నీ ఆ తీర్పుకు అనుగుణంగా వంచేస్తారు. ఈ రెండో జబ్బే ఎక్కువ ఖరీదైనదని నా అభిప్రాయం.

సొంత ముక్కలు చూడకుండా కూడా ఆడొచ్చని 2007లో నార్వే అమ్మాయి ఆనెట్ ఓబ్రెస్టాడ్ చూపించింది. 180 మంది ఆడిన ఒక చిన్న ఇంటర్నెట్ పోటీలో, ఒక్కసారి తప్ప తన ముక్కలు చూసుకోకుండానే గెలిచింది. ఎవరు ఎప్పుడు పందెం వేస్తున్నారు, ఎప్పుడు వెనక్కి తగ్గుతున్నారు అన్నదే ఆమెకు ఆధారం. అదే ఏడాది లండన్‌లో పదిలక్షల పౌండ్ల ప్రపంచ పోటీ యూరప్ టైటిల్ గెలిచేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. పందేల క్రమం ఎంత మాట్లాడుతుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం నేనెరగను. అయితే ఆ పోటీ తక్కువ రుసుముది, ఎదుటివాళ్లు భయస్తులు అన్న సంగతీ మరవకూడదు.

పందేల క్రమాన్ని చదివే ఈ పనిని యంత్రాలకూ నేర్పారు, కథ అక్కడే మలుపు తిరుగుతుంది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో డార్స్ బిల్లింగ్స్, జొనాథన్ షేఫర్ తదితరులు 1990లలో ‘లోకీ’ అనే ప్రోగ్రామ్ రాశారు. ఫ్లాప్ తెరిచాక కనబడని ముక్కలు 47, వాటితో కుదిరే జతలు 1,081. ప్రతి ప్రత్యర్థికీ ఈ 1,081 జతల పట్టిక పెట్టుకుని, అతను పందెం వేసిన ప్రతిసారీ ఒక్కో జత బరువునూ లోకీ మార్చుకునేది. మనిషి అరకొరగా చేసే పనిని అది అలుపు లేకుండా చేసింది. దాని తర్వాతి తరాలు మనుషుల్ని ఇంకా బాగా చదువుతాయని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు, అవి పట్టిన దారికి మూలం ఇంకా వెనక ఉంది.

ప్రిన్‌స్టన్ గణితవేత్త హరాల్డ్ కూన్ 1950లో జాకీ, రాణి, రాజు అనే మూడే ముక్కలతో ఒక బుల్లి పోకర్ కట్టి, దానికి పూర్తి పరిష్కారం రాశాడు. అందులో రెండో ఆటగాడు, ఎదుటివాడు పందెం వేయకుండా ఊరుకున్నప్పుడు, జాకీతో మూడుసార్లకు ఒకసారి బ్లఫ్ చేయాలి, అంటే బలం లేకపోయినా పందెం వేయాలి. ఎదుటివాడు పందెం వేసినప్పుడు రాణితో మూడుసార్లకు ఒకసారి కాల్ చేయాలి. ఆ నిష్పత్తి తప్పకుండా ఆడితే అతన్ని ఎంత చదివినా దక్కేదేమీ లేదు. 2015లో మైకేల్ బౌలింగ్ బృందపు ‘సెఫియస్’, ఇద్దరాడే పరిమిత పందేల హోల్డెమ్‌ను ఇదే దారిలో దాదాపు పూర్తిగా ఛేదించింది. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని రివర్స్ క్యాసినోలో ‘లిబ్రాటస్’ నలుగురు నిపుణులతో ఇరవై రోజులు, 1,20,000 ఆటలు ఆడి, 17 లక్షల డాలర్లకు పైగా విలువైన చిప్స్ గెలిచింది. దాన్ని తయారుచేసినవాళ్లు కార్నెగీ మెలన్‌కు చెందిన ట్యూమస్ సాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్. పగలంతా ఆ నలుగురూ దాని లోపాల కోసం వెతికేవాళ్లు. రాత్రి అది తనలోని లోపాలనే పూడ్చుకునేది. వాళ్లలో ఎవరు ఎలాంటివారో తెలుసుకునే ప్రయత్నమే చేయలేదు. 2019లో ‘ప్లూరిబస్’ ఆరుగురు ఆడే బల్ల మీదా నిపుణుల్ని ఓడించింది.

అంటే చదవడం అనవసరమా? ఇప్పటి యువ ఆటగాళ్లలో ఒక వర్గం అలాగే అంటోంది. పరిష్కార సాఫ్ట్‌వేర్ చెప్పిన నిష్పత్తులు బట్టీ పట్టి, ఎదుటివాడు ఎవరైనా ఒకే ఆట ఆడతామంటుంది. నాకిది సగం నిజమే అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ కూడా రేంజ్‌ని గీస్తుంది, కాకపోతే తనంత పకడ్బందీగా ఆడే ప్రత్యర్థికి గీస్తుంది. మామూలు బల్ల మీద కూర్చున్న మనిషి అలా ఆడడు. అతను రివర్ మీద పెద్ద రేజ్ చేశాడంటే తొంభై పాళ్లు నిజంగానే పెద్ద ముక్కలు ఉన్నట్టు. చిన్న పందేల ఆట నేర్పేవాళ్లంతా దాదాపు ఇదే చెబుతారు. అక్కడ యంత్రంలా కాల్ చేసేవాడు ఓడించరానివాడు అవుతాడేమో గానీ, దక్కాల్సినంత దక్కించుకోడు. పైగా ఎదుటివాడు నిష్పత్తి తప్పాడని తెలుసుకోవడమే చదవడం. నిష్పత్తి ఏమిటో ముందు తెలిస్తేనే తప్పిన సంగతి పట్టుబడుతుంది. ఈ రెండు విద్యలూ పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ, నిష్పత్తులు రాకుండా చదవడం రాదు.

తెలుగు పాఠకులకు ఇందులో కొంత పరిచయమే. మన రమ్మీలో ఎదుటివాడు ఏ ముక్క ఎత్తుకున్నాడు, ఏది పారేశాడు అన్నది బాహాటంగా కనబడుతుంది. కళావరు ఎనిమిది ఎత్తుకున్నవాడికి తొమ్మిది వదలకూడదని పిల్లలకు కూడా తెలుసు. 1967లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, పడే ముక్కల్ని గుర్తుపెట్టుకోవడం, ఉంచుకోవడం, పారేయడం అన్నవాటిని చూపి, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అంది. మూడు ముక్కలాటను మాత్రం అదృష్టం పక్కనే ఉంచింది. పోకర్ ఈ రెండింటి నడుమ చిక్కుకుంది. దాచిన ముక్కలు మూడు ముక్కలాటలోలా ఉంటాయి, అర్థం చేసుకోవాల్సిన ఆధారాలు రమ్మీలో కంటే ఎక్కువ ఉంటాయి. మన హైకోర్టులు కూడా పోకర్ గురించి ఒకే మాట మీద లేవు. ఈ వాదన ఎలా ఉన్నా, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ పేకాటను నిషేధించాయి. 2025లో కేంద్ర చట్టం దేశమంతటా ఆ తలుపు మూసింది. సంసారాలు కూలిన సంగతి తెలిసినవాళ్లెవరూ దీన్ని తప్పుపట్టరు, నేనూ పట్టను.

అయినా పోకర్ చదవడం నేర్చుకోవాలంటే రమ్మీకి లేని అడ్డంకి ఒకటుంది. ఆటల్లో చాలామటుకు షో దాకా రాకుండానే ముగుస్తాయి. మీరు బ్లఫ్ అనుకుని కాల్ చేస్తే జవాబు కనబడుతుంది. భయపడి ప్యాక్ అయితే అతని దగ్గర ఏముందో ఎప్పటికీ తెలియదు. ప్రతిసారీ భయపడేవాడు తన భయం సరైనదేనని జీవితాంతం నమ్ముతూ ఉండిపోవచ్చు. షో దాకా వచ్చేవి కూడా అందరి ముక్కలకూ నమూనా కావు. అవి ఎవరో ఒకరు చివరిదాకా నిలబడేంత బలమున్నవి. దిద్దేవాడు లేని పలక మీద ఎన్ని లెక్కలు చేస్తే మాత్రం ఏం లాభం?

దీనికి అనుకోని మందు టీవీ వల్ల దొరికింది. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడి, అమెరికాలో బొమ్మల వ్యాపారంలో పేరు తెచ్చుకున్న హెన్రీ ఓరెన్‌స్టీన్, ఆటగాళ్ల మూసిన ముక్కల్ని బల్లలోంచి కెమెరాకు చూపించే ఏర్పాటుకు 1990లలో పేటెంట్ తీసుకున్నాడు. 1999లో బ్రిటన్‌లో ‘లేట్ నైట్ పోకర్’, 2003 నుంచి అమెరికాలో ‘వరల్డ్ పోకర్ టూర్’ ప్యాక్ అయిన ముక్కల్నీ జనానికి చూపించాయి. అంతకుముందు ఏ గొప్ప ఆటగాడికీ ఆ అదృష్టం లేదు. అదే 2003లో ఇంటర్నెట్ పోటీ ద్వారా వచ్చిన టెన్నెసీ అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆ ఏడు 839 మంది ఆడిన పోటీలో, మూడేళ్లు తిరిగేసరికి 8,773 మంది ఆడారు. కొత్తగా వచ్చిన వాళ్లంతా నేర్చుకోవడానికి చూసినవి ఈ ప్రసారాలే.

రూపాయి పందెం లేకుండా నేర్చుకోవాలనుకునే వాళ్లకు ఇప్పటికీ ఇదే మంచి బడి. తెర మీద ముక్కలు చూపించే మూల మీద కాగితం అంటించాలి. ఒకే ఆటగాణ్ణి ఎంచుకుని, అతను పందెంలోకి దిగిన ప్రతిసారీ ఏయే జతలు ఉండవచ్చో రాసుకుంటూ, ప్రతి రౌండుకూ కొన్నింటిని కొట్టేయాలి. ఆట ముగిశాకే కాగితం తీయాలి. సరిగ్గా ఆ రెండు ముక్కలు చెప్పామా అని చూసుకోకూడదు. మిగిల్చిన జాబితాలో అవి ఉన్నాయా, జాబితా ఎంత పొడుగుంది అన్నదే మార్కు. అరవై జతలు మిగిల్చి వాటిలో ఉందనడం గొప్ప కాదు, మూడు మిగిల్చి తప్పడం అంతకంటే చెడ్డది. కత్తిరించి కూర్చిన కార్యక్రమాలు ఈ అభ్యాసానికి పనికిరావు. వాటిలో బ్లఫ్‌లూ ఫుల్ హౌస్‌లూ మాత్రమే మిగులుతాయి, అవి చూసి నేర్చుకున్నవాడు ప్రతి పందెంలోనూ నాటకం చూస్తాడు. గంటల తరబడి సాగే పూర్తి ప్రసారాలు తీసుకోవాలి. వాటిలో ఎక్కువ భాగం ఎవరో రేజ్ చేయడం, మిగతావాళ్లు ప్యాక్ అవడం, ఇంకేమీ జరగకపోవడం. ఆ విసుగులోంచే ఎవరు ఎన్ని రకాల ముక్కలతో దిగుతారో తెలుస్తుంది, మొదటి జాబితా అక్కడి నుంచే రాయాలి.